నల్లజాతి స్త్రీల భారతయాత్రలు — మన ఆతిథ్యధర్మము

యాత్రాగ్రంథములు మన తెలుగువారికి క్రొత్తవి కావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికిఁ బోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. హైదరాబాదునుండి నిర్మలకుఁ బోవు బాట మన ఇందూరు సీమ మీదుగానే సాగును. వారి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చుపడినది. దిగుటకుఁ దగిన తావులు, దొరకు వస్తువులు, నదులు దాటు విధము మొదలైనవన్నియు అందు సవిస్తరముగా నున్నవి. పిమ్మట 1876లో పోతం జానకమ్మగారు ఇంగ్లండుదేశపు విశేషములను గ్రంథముగాఁ బ్రకటించిరి. తెలుగు స్త్రీ సముద్రము దాటి తాను చూచినదానిని తానే వ్రాసికొనుట ఆ దినములలో సామాన్యమైన పని కాదు.

ఈ ఇద్దఱు యాత్రికులకును బాటలో కష్టములు లేకపోలేదు. అయినను వారి హోదా వారికంటె ముందుగా మజిలీ చేరుచుండెను. వీరాస్వామయ్యగారు సుప్రీముకోర్టులో దుబాసీ. వెంట పల్లకీలు, పరిచారకులు, చేత అధికారుల ఉత్తరువులు. జానకమ్మగారు ఉన్నతకుటుంబపు గృహిణి. వేఱొక విధమైన యాత్రికులు లోకమునఁ గలరు. వారికంటె ముందుగా మజిలీ చేరునది వారి హోదా కాదు, వారి మేనిచాయ. తలుపు తట్టకమున్నే తీర్పు చెప్పఁబడియుండును. అందును ఆ యాత్రికులు స్త్రీలైనచో, ఒంటరిగా వచ్చినచో, చూచువారి కన్నులలో సందేహము రెట్టింపగును. అట్టి వారిలో మువ్వురు, అమెరికాదేశపు నల్లజాతి స్త్రీలు, 1879కిని 1936కిని నడుమ మన భారతదేశమున సంచరించిరి. వారి యాత్రలను గుఱించియు, వానినుండి యాత్రచేయువారును యాత్రికులకుఁ జోటిచ్చువారును నేర్వఁదగిన దానిని గుఱించియు మేమీ వ్యాసమున ముచ్చటింపఁ దలఁచితిమి.

ఇందూరు, బోధను ప్రాంతములవారికి ఎక్కడి అమెరికా నల్లజాతితోనో పని యేమని పాఠకులలోఁ గొందఱు శంకింపవచ్చును. పని కలదు. ఆ పని చెరకుతో వచ్చినది.

మంజీరా నదిపై 1923లో ఆరంభింపఁబడి 1931లో ముగిసిన నిజాంసాగరము నీరు మన మెట్టభూములను మాగాణము చేసినది. ఆ నీటితో చెరకు వచ్చినది. చెరకుతో 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదని పేరొందిన ఆ కర్మాగారము 2015లో మూతపడినది గాని, శక్కర్‌నగరమను పేరు నిలిచియేయున్నది. సంస్కృతమున శర్కర యను మాట అరబ్బులనోట సుక్కరై, యూరపువారినోట పలురూపములు దాల్చి, తుదకు ఆంగ్లమున షుగరైనది. మాట మననుండి వెళ్లినది. చెరకురసమును గట్టిపఱచు విద్యయు మననుండియే పడమటికిఁ బ్రాఁకినది. కాని పడమటి దీవులలో ఆ తీపికి చెల్లింపఁబడిన వెల యెట్టిది? ఆఫ్రికా ఖండమునుండి స్త్రీపురుషులను సంకెళ్లతో ఓడలకెక్కించి, చెరకుతోఁటలలోను ప్రత్తిచేలలోను తరతరములుగా బానిసలను జేసిరి. బ్రిటిషు రాజ్యములలో 1834వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి బానిసత్వము చట్టరీత్యా తొలఁగెను. తొలఁగినంతనే తోఁటల యజమానులు కూలీలకొఱకు మనవైపు చూచిరి. 1860 నవంబరు 16వ తేదీని ‘ట్రూరో’ అను ఓడ మదరాసునుండి 342 మందిని నేటాలు తీరమున దింపినది. వారిలోఁ దెలుగువారును గలరు. మారిషసు చెరకుతోఁటలకు మన సముద్రతీరమునుండి వెళ్లినవారి సంతతివారు నేఁటికిని అచ్చట తమ తెలుగుతనమును నిలుపుకొనుచున్నారు. నల్లబానిస దించిన కొడవలిని తెలుగుకూలి యెత్తుకొనెను. చెరకుసీమలోనివారికి నల్లజాతి కథ పరాయిదని యెట్లనఁగలము?

ఇందుండి ఒక భేదమును గుర్తింపవలసియున్నది. ఓడలోఁ గొనిపోఁబడుట వేఱు, యాత్రచేయుట వేఱు. మొదటిదానిలో మనుష్యుఁడు సరకు. రెండవదానిలో మనుష్యుఁడు మనుష్యుఁడే. బానిసయైన స్త్రీ వేలకొలఁది క్రోసులు సముద్రముపైఁ బోయియుండును. కాని ఆమె యాత్రికురాలు కాదు. ఆమె సంతతిలోనిది తన యిచ్ఛతో, తన సొమ్ముతోనో తనవారి సొమ్ముతోనో, తానెంచుకొన్న దేశమునకు పయనమైననాఁడే ఆ జాతికి విడుదల పూర్తియైనదని మేము తలఁతుము. మేము చెప్పఁబోవు మువ్వురిలో మొదటి యామె పుట్టుకతో బానిస యగుటచేత ఈ మాట ఆమెయెడ అక్షరాల సత్యము.

ఆమె పేరు అమాండా బెర్రీ స్మిత్. ఆమె 1837లో మేరీలాండు రాష్ట్రమున బానిస దంపతులకు జన్మించెను. తండ్రి పగలెల్ల యజమానుని చేలలోఁ బనిచేసి, రాత్రులు చీపురులును, మొక్కజొన్న పొట్టుతో చాపలును అల్లి అమ్మి, ఆ పైసలు కూడఁబెట్టి తన్నును తన భార్యాబిడ్డలను విడిపించుకొనెను. అమాండా ఇండ్లలో వంటచేసి, బట్టలుదికి పొట్టపోసికొనెను. ఐదుగురు బిడ్డలను గని, ఒక్కతెనుమాత్రమే పెంచి పెద్దఁజేసికొనఁగలిగెను. మతబోధకురాలై దేశమున సంచరింప మొదలిడిన పిమ్మట, 1872లో నాష్‌విల్ నగరమున జరిగిన నల్లవారి మెథడిస్టు మహాసభకు వెళ్లెను. ఆమె సాదావస్త్రములను, నిరాడంబరమైన టోపీని జూచి అచ్చట తనజాతివారే చిన్నచూపు చూచిరి. తెల్లవారి అవమానము ఒక్కటే కాదు, తనవారి అవమానమును బాటలో మోయవలసివచ్చినది.

ఆమె 1878లో ఇంగ్లండు చేరి, 1879 నవంబరులో బొంబాయి రేవున దిగెను. అది మొదలు 1881 వఱకు బొంబాయి, కలకత్తా, నైనీతాలు మొదలైన తావులలో సంచరించి, బర్మాకును వెళ్లెను. కలకత్తాలోని థోబర్ను దొరగారు తరువాత ఆమె స్వీయచరిత్రకు పీఠిక వ్రాయుచు, తానున్న కాలమున ఆ నగరమునకు వచ్చిన పేరొందిన పరదేశీయులలో ఆమెవలె జనులను ఆకర్షించి నిలుపఁగలిగినవారు లేరనియు, బోధకుఁడుగా తనకు అక్కఱకు వచ్చినది ఆమెవలన నేర్చినంతగా మరెవ్వరివలనను నేర్వలేదనియు ఒప్పుకొనిరి. ఒక తెల్లదొర, బిషప్పు పదవికెక్కినవాఁడు, బట్టలుదికి బ్రతికిన నల్లస్త్రీని తనకు గురువని అచ్చులోఁ జెప్పుట 1893లో చిన్న విషయము కాదు. ఆ పుస్తకమే ఆమె చేసిన మహోపకారము. ఆమెను పాఠశాలకుఁ బంపినది కొద్ది నెలలు మాత్రమే. అట్టి యామె తాను చూచినదానిని తన మాటలలో వ్రాసి, నల్లస్త్రీ నాలుగు ఖండములఁ దిరిగివచ్చుట సాధ్యమని లోకమునకు సాక్ష్యమిచ్చెను. ఆమె మతప్రచారముతో మాకు నిమిత్తము లేదు. ఏ మతమువారైనను ఆ ధైర్యమును మెచ్చుకొనక తప్పదు.

రెండవ యామె జూలియెట్ డెరికాట్. ఈమె 1897లో జార్జియా రాష్ట్రమున ఏథెన్సు పట్టణమునఁ బుట్టెను. ఇంటికి చేరువనే ఆఁడపిల్లల విద్యాలయ మొకటి యుండెను. చిన్ననాఁడు తానును అచ్చటనే చదువుదునని తల్లితోఁ జెప్పఁగా, నీ మేనిచాయ చేత అది కానిపని యని తల్లి బదులు చెప్పవలసివచ్చెను. ఆ చిన్నదానికి లోకమును గుఱించి కలిగిన తొలిపాఠమది. 1918లో టలడీగా కళాశాలలో పట్టము పుచ్చుకొని, వై.డబ్ల్యు.సి.ఏ. యను యువతుల సంఘమునకు కార్యదర్శినియై, కళాశాలనుండి కళాశాలకుఁ దిరుగుచు నల్లజాతి విద్యార్థినుల మేలుకొఱకుఁ బాటుపడెను. 1928లో మైసూరున ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభ జరిగినప్పుడు ఈమె ప్రతినిధియై వచ్చి, ఏడువారములు భారతదేశమున నుండెను. ఆ యనుభవమును 1929లో ‘క్రైసిస్’ పత్రికలో వ్రాసెను. నానాజాతుల యువజనులు ఒకచోటఁ గూర్చుండి తమ తమ దేశముల వేదనలు చెప్పికొనఁగా విని, తన తెలివియుఁ బ్రేమయుఁ దాను వాడుకచేసికొన్న హద్దులను దాటవలసియున్నవని ఆమె గ్రహించెను. పరాధీనమై యున్న భారతీయుని బాధ ఆమెకు వివరింపనక్కఱలేకయే అర్థమయ్యెను.

ఈమె కథ ఇంతటితో ముగిసియున్నచో ఎంత బాగుండెడిది! 1929లో ఈమె నాష్‌విల్‌లోని ఫిస్కు విశ్వవిద్యాలయమున విద్యార్థినుల సంరక్షకాధికారిణి యయ్యెను. 1931 నవంబరు 6వ తేదీని మువ్వురు విద్యార్థులతో మోటారులో నాష్‌విల్ నుండి పుట్టినయూరికిఁ బోవుచుండఁగా, జార్జియాలో డాల్టను పట్టణమువద్ద మఱొక బండితో ఢీకొని మోటారు బోల్తాపడెను. ఆ పట్టణమున ప్రజల పన్నులతో నడచు ఆసుపత్రి యుండెను. కాని అందు నల్లవారిని చేర్చుకొనరు. వైద్యులు తమ గదిలో కట్లుకట్టి, గాయపడినవారిని ఒక నల్లజాతి స్త్రీ యింట పరుండఁబెట్టించిరి. గంటలు గడచిన పిమ్మట చట్టనూగా నగరమునకుఁ గొనిపోయిరి. ఒక విద్యార్థిని మరణించెను. మఱునాఁడు డెరికాటును మరణించెను. అప్పటికామె వయస్సు 34 సంవత్సరములు. సముద్రములు దాటి, ఎల్లజాతుల మధ్యను గౌరవమందివచ్చిన స్త్రీ, పుట్టినయింటికిఁ బోవు త్రోవలో, తన రాష్ట్రముననే, ఆసుపత్రి మంచము లేక మరణించెను. పరదేశమందలి యపాయములనుగుఱించి యాత్రికులకు హెచ్చరికలు చెప్పువారు ఈ సంగతిని మఱువరాదు. నల్లస్త్రీకి అన్నిటికంటె భయంకరమైన మజిలీ స్వదేశముననే యుండెను.

మూఁడవ యామె స్యూ బెయిలీ థర్మన్. 1903లో ఆర్కాన్సా రాష్ట్రమున జన్మించి, 1926లో ఓబర్లిను కళాశాలలో పట్టభద్రురాలై, 1932లో హోవర్డు థర్మనుగారిని వివాహమాడెను. భారత, బర్మా, సింహళ విద్యార్థి క్రైస్తవోద్యమము వారి యాహ్వానముపై, ఈ దంపతులును, ఎడ్వర్డు కారల్ దంపతులును గలసి నల్లజాతి ప్రతినిధివర్గముగా 1935 అక్టోబరులో సింహళమునఁ గాలుమోపిరి. తరువాతి నెలలలో సింహళ, బర్మా, భారతదేశములలో సుమారు 50 పట్టణములు తిరిగిరి. ఊరూర ఉపన్యాసములు, ఊరూర ప్రశ్నలు. మిమ్ములను బానిసలను జేసినవారి మతమును మీరెట్లు పట్టుకొని వేలాడుచున్నారని మనవారు వారిని నిలదీసిరి. అతిథులు కోపగింపలేదు. అడిగినవానిలో ద్వేషము లేదని, తమవలెనే పరపాలనలో నలిగినవాని యావేదన యున్నదని గ్రహించి సమాధానము చెప్పిరి.

1936 ఫిబ్రవరి నెలలో బార్డోలీయందు వారు గాంధిమహాత్ముని దర్శించిరి. ఆ సంభాషణను మహదేవ దేశాయిగారు ‘హరిజన్’ పత్రికలోఁ బ్రకటించిరి. అందఱును తాత్త్వికవిషయములు చర్చించుచుండఁగా, స్యూ బెయిలీ థర్మనుగారు మాత్రము ఇంటిలోని నిప్పును అరచేతఁ బట్టి చూపినట్లు ఒక ప్రశ్న వేసిరి. ఆ దినములలో అమెరికాలో తెల్లజాతి మూకలు విచారణ లేకయే నల్లవారిని బట్టి చంపుచుండిరి. నా సోదరుని నా కన్నులయెదుటనే అట్లు చంపినచో అహింసను నమ్మిన నేనేమి చేయవలెను? అని ఆమె యడిగెను. చంపినవారికిఁ గీడు తలఁపకుము, కాని వారితోడి సహకారమును సంపూర్ణముగా విడువుము, వారివలన వచ్చు అన్నమునైనను ముట్టకుము, ఆ యత్నమున ప్రాణము పోయినను పోనిమ్ము—అని గాంధీగారి సమాధానపు సారాంశము. ఈ సమాధానము చాలునా, చాలదా యను చర్చ నేఁటికిని సాగుచునేయున్నది. మేము చెప్పదలఁచినది ప్రశ్ననుగుఱించి. చేత కానుకతోఁ బోవు యాత్రికుఁడు కలఁడు, చేత కెమెరాతోఁ బోవు యాత్రికుఁడు కలఁడు. ఈమె తన జాతి ప్రాణసంకటమగు ప్రశ్నను మూటగట్టుకొని తెచ్చి, దేశములోని మిక్కిలి పెద్దవానియెదుట విప్పెను. ఇంతకంటె గంభీరమైన యాత్రాప్రయోజనము మాకు కనఁబడదు.

తిరిగివెళ్లిన పిమ్మట ఆమె ఊరకుండలేదు. నల్లవారి కళాశాలలలో భారతదేశమును గుఱించి ఉపన్యసించెను. జూలియెట్ డెరికాట్ పేర విద్యార్థివేతనమును నెలకొల్పి, నల్లజాతి విద్యార్థినులను భారతదేశమునకుఁ జదువఁబంపుటకుఁ బూనుకొనెను. ఆసుపత్రి మంచము దక్కని యామె పేర ఓడ టిక్కెట్టు పుట్టినది. ఒకరి యాత్ర మఱియొకరి యాత్రకు వంతెన యగుట యననిదియే.

థర్మనుగారు బార్డోలీలోఁ గూర్చుండిన 1936వ సంవత్సరముననే న్యూయార్కులో మఱొక పని జరిగినది. హార్లెములోని విక్టర్ గ్రీన్ అను తపాలా జవాను ‘నీగ్రో మోటారిస్టు గ్రీన్ బుక్’ అను చిన్న పుస్తకమును అచ్చువేసెను. నల్లవారికి గది యిచ్చు హోటళ్లు, ఇంటిలోఁ జోటిచ్చు గృహిణులు, అన్నము పెట్టు తావులు, పెట్రోలు పోయువారు, క్షౌరశాలలు—ఇట్టివాని చిరునామాలు అందుండెను. సుమారు ముప్పది యేండ్లు ఆ పుస్తకము సాగెను. ఇట్టి పుస్తకముతో అక్కఱలేని దినము రావలెనని దాని ప్రకాశకులే కోరుకొనిరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన పిమ్మట కొలఁది యేండ్లలోనే దాని ప్రచురణ నిలిచిపోయినది. వీరాస్వామయ్యగారు నీళ్లెచ్చట దొరకునో వ్రాసిరి. గ్రీనుగారు మర్యాద యెచ్చట దొరకునో వ్రాసెను. బాటసారికి రెండును అవసరమే.

ఈ మువ్వురి బ్రతుకులనుండి యాత్రచేయు స్త్రీలకు మేము గ్రహించు హితవులు కొన్ని కలవు. మొదటిది, బయలుదేరకమున్నే చేరవలసినచోట తనవారనఁదగినవారిని సంపాదించుకొనవలెను. ఈ మువ్వురిలోఁ గడపటి యిద్దఱును ఏదో యొక సంఘము చేతులమీఁదుగా వచ్చినవారే. ఒంటరి స్త్రీకి డబ్బుసంచికంటె పరిచయలేఖ ఎక్కువ రక్ష. రెండవది, వింతగాఁ జూచు చూపునకును, హీనముగాఁ జూచు చూపునకును భేదము నెఱుఁగవలెను. ఎన్నఁడును చూడనిదానిని చూచిన పల్లెపడుచు కన్నులు పెద్దవి చేసిన అది నేరము కాదు. ఒక నవ్వు, ఒక పలకరింపు దానిని స్నేహము చేయఁగలదు. రెండవ చూపునకు మాత్రము నవ్వు బదులు కాదు. అట్టిచోటు విడిచి లేచిపోవుటయే తగినది. మూఁడవది, పోయినచోటి దుఃఖమును తన దుఃఖముతో సరిపోల్చి చూడవలెను. తన గాయము నెఱిఁగినవారికే పరుని గాయము కనఁబడును. నాలుగవది, తిరిగివచ్చి వ్రాయవలెను, చెప్పవలెను, వెనుకవచ్చువారికి బాట వేయవలెను. అట్లు చేయని యాత్ర ఎంత దూరమైనను ఇంటి వాకిలి దాటినది కాదు.

ఇఁక ఆతిథ్యమిచ్చు మనకు హితవు లేదా? కలదు, వ్యాసమున ముఖ్యభాగ మదియే.

అమెరికాలోని ఆసుపత్రి తలుపును గుఱించి చదివి మనము నిట్టూర్చుట సులభము. కాని ఆ మువ్వురు మన దేశమునకు వచ్చినప్పుడు ఇచ్చట ఏమి కనఁబడియుండును? అగ్రహారపు బావి, అంటరానివానికి మూసిన గుడి, ఊరి వెలుపలి వాడ. బయటివాడనుండి ఊరిలోనికి నడచి వచ్చుటయే మనలోఁ గొందఱికి సముద్రయానముకంటె కష్టమైన యాత్రగా నుండెను. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి పాటుపడినది ఆ కొలఁది యడుగుల యాత్రకొఱకే. 1959లో మార్టిన్ లూథర్ కింగుగారును, ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగుగారును మన దేశమునకు వచ్చినప్పుడు, తిరువనంతపురమున ఒక పాఠశాలలో కింగుగారిని అమెరికానుండి వచ్చిన మన సాటి అంటరానివాఁడని బాలకులకుఁ బరిచయము చేసిరి. మొదట ఆయన మనస్సు చివుక్కుమనెను. పిదప ఆలోచించి, ఔను, నేనును అంటరానివాఁడనే యనుకొనెను. అద్దము పరదేశమునుండి వచ్చినను, అందుఁ గనఁబడినది ఉభయుల ముఖములును.

ఆఫ్రికాజాతివారు మన తెలుగు నేలకు నిన్న వచ్చినవారును గారు. నిజాముల సైన్యమున ఆఫ్రికా అశ్వదళ మొకటి యుండెను. సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట ఆ దళము రద్దయినది గాని, వారున్న పేటను నేఁటికిని ఏ.సీ. గార్డ్సు అనియే యందురు. నిజామాబాదునుండి హైదరాబాదుకుఁ బోయినవారు ఆ పేరు పలుకుచునే యుందురు. అందు ఆఫ్రికా యున్నదని తెలిసినవారు తక్కువ. వారి సంతతివారు మన నడుమనే పుట్టి, మన నడుమనే పెరిగి, మన భాషలే మాటలాడుచున్నను, మీదేదేశమని అడుగువారు మనలోఁ గలరు. ఆఫ్రికాదేశములనుండి హైదరాబాదునకుఁ జదువవచ్చు విద్యార్థినులును గలరు. వారికి ఇల్లు అద్దెకిచ్చుటకు మన గృహస్థులు ఎంత వెనుకముందాడుదురో వేఱుగఁ జెప్పనేల? తెల్లని పరదేశి వచ్చిన ఇంటిలోనికిఁ బిలిచి కాఫీ యిత్తుము. నల్లని పరదేశి వచ్చిన గుమ్మముకడనే ప్రశ్నలు వేయుదుము. అతిథిని దైవముగా భావింపుమన్న ఉపనిషత్తు ఆ దైవమునకు వర్ణనిర్ణయము చేయలేదు గదా!

ఈ రోగము పాఠశాలలోనికిని వచ్చినది. మేము తరగతిలో ఆఫ్రికా ఖండమును బోధించునపుడు, పటములోని స్త్రీని జూచి పిల్లలు కిసుక్కున నవ్వుదురు. ఆ నవ్వు వారు పుస్తకమున నేర్వలేదు, ఇంట నేర్చిరి. పెండ్లిచూపులలో పిల్ల చామనచాయ యని గొంతు తగ్గించి చెప్పు తల్లిదండ్రులవద్ద నేర్చిరి. తెల్లఁబడుటకు పూయు లేపనములవద్ద నేర్చిరి. ద్రౌపది నల్లనిదగుటచేతనే కృష్ణ యనఁబడెను. భారతము రచించిన ఋషి కృష్ణద్వైపాయనుఁడు. నల్లని కవి చెప్పిన నల్లని నాయిక కథను వేయేండ్లుగాఁ జదువుకొనుచున్న జాతికి నలుపన్న నామోషి యెక్కడినుండి వచ్చినది? సంస్కృతము చదివినవారమని చెప్పికొను మావంటివారు ఈ ప్రశ్నకు బదులు వెదకవలసియున్నది.

మన బోధనునే ఏకచక్రపురమని స్థానికులు చెప్పికొనుట పాఠకులెఱిఁగినదే. ఆ నమ్మకమునకు చారిత్రకాధారము లెట్లున్నను, అందలి ధర్మము మాత్రము గట్టిది. లాక్కయింటినుండి తప్పించుకొన్న కుంతీదేవి, ఐదుగురు కుమారులతో, పేరు చెప్పికొనలేని స్థితిలో ఆ యూరు చేరెను. ఒక పేదబ్రాహ్మణుఁడు వారి కులగోత్రములను తరచిచూడక ఇంటిలోఁ జోటిచ్చెను. బిచ్చమెత్తి తెచ్చుకొని తినువారికిఁ జోటిచ్చుటవలన తనకు వచ్చునది యేమని లెక్కవేయలేదు. బకాసురుని వంతు ఆ యింటికి వచ్చిననాఁడు, కుంతి తన కుమారుని బంపి ఆ కుటుంబమును, ఆ యూరిని గాపాడెను. ఊరిలో ఇండ్లు పెక్కుండెను. ఊరిని గాచినది మాత్రము పరదేశి స్త్రీకిఁ దలుపు తీసిన ఇల్లు. ఈ కథ మాదని గర్వించు ఊరివారికి, గుమ్మముకడ నిలిచిన నల్లని పరదేశిని ఎట్లు పలకరింపవలెనో మఱొకరు చెప్పవలెనా?

చట్టములు తలుపుల గొళ్లెములు తీయించఁగలవు. 1964 నాటి చట్టము అమెరికాలో తీయించెను. మన రాజ్యాంగము 1950లో అంటరానితనమును నిషేధించి ఇచ్చట తీయించెను. కాని తీసిన తలుపువెనుక నిలిచి, రండమ్మా యని పిలుచు గొంతును ఏ చట్టమును పుట్టింపలేదు. అది ఇండ్లలోఁ బుట్టవలెను. మన బాలికలు పై చదువులకు దూరదేశములకుఁ బోవుచున్నారు. బోధను చెరకుపల్లెలనుండి పోయిన పిల్ల ఏ పరాయినగరమునందో రాత్రివేళ గదికొఱకు వెదకుచు, తన చాయను, తన యాసను, తన దేశమును గుఱించిన ప్రశ్నలకు బదులు చెప్పుచుండును. ఆ గుమ్మమున నిలిచినది మన బిడ్డయైనపుడు మనమెట్టి పలుకు కోరుదుమో, ఆ పలుకే ఈ గుమ్మమున నిలిచిన పరుల బిడ్డకు చెల్లింపవలసిన ఋణము. అమాండా స్మిత్, జూలియెట్ డెరికాట్, స్యూ బెయిలీ థర్మన్ అనువారు మన దేశమునకు వచ్చి పోయిరి. వారివంటివారు ఇఁకను వచ్చుచునే యుందురు. మనలను గుఱించి వారు తమ దేశమున ఏమి చెప్పికొందురనునది మన గొప్పగ్రంథములపై ఆధారపడదు. మన వాకిలియొద్ద వారు నిలిచియుండిన కాలముపై ఆధారపడును.